పుట్టుకతో వచ్చిన నమ్మకాలను ప్రశ్నించడం ఎలా: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు వెళ్లాలి

బెజవాడలోనో గుంటూరులోనో పుట్టి పెరిగినవాళ్లకి పదేళ్లు వచ్చేసరికే చాలా సంగతులు తెలిసిపోయి ఉంటాయి. మంగళవారం జుట్టు కత్తిరించుకోకూడదు, రాత్రిపూట గోళ్లు తీయకూడదు, ఉప్పు చేతిలో పెట్టకూడదు, బయల్దేరేవాళ్లని ఎక్కడికని అడగకూడదు, ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లాలి, ఫలానా వాళ్లింట్లో మాత్రం ఏమీ తినకూడదు. ఇవన్నీ ఎవరు చెప్పారంటే ఎవరికీ గుర్తుండదు, కానీ తప్పితే మాత్రం గుండెలో గుబులు మొదలవుతుంది. దేవుడంటే మనకున్న ఊహ కూడా ఇలా వచ్చిందే. ఇంద్రకీలాద్రి కింద ఒక ఇంట్లో పుడితే అమ్మవారు, అక్కడికి నాలుగు మైళ్ల లోపు గుణదలలో ఇంకో ఇంట్లో పుడితే మేరీమాత, గుంటూరులో కాలే మస్తాన్ దర్గా వెనక వీధిలో పుడితే అల్లా. ముగ్గురూ తమదే సత్యమని అంతే నిజాయితీగా నమ్ముతారు.

ఇక్కడ ఇంకో రకం వారసత్వం కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. బెజవాడ కమ్యూనిస్టుల ఊరు, నాస్తికుల ఊరు. తాతయ్య పార్టీ మనిషి, నాన్న పార్టీ మనిషి కాబట్టి దేవుడు లేడని గట్టిగా చెప్పే కుర్రాళ్లని నేను చాలామందిని చూశాను. ఎందుకు లేడంటావ్ అని రెండో ప్రశ్న వేస్తే తాతయ్య మాటలే యథాతథంగా వస్తాయి. అది కూడా తనకు తాను తేల్చుకున్నది కాదు కాబట్టి ఇక్కడ చెప్పేవి వాళ్లకీ వర్తిస్తాయి.

నేను ఏ పక్షాన ఉన్నానో ముందే చెప్పేస్తాను. సత్యం కోసం వెతకడం విలువైన పనని, అందులో దేవుడికి చోటు ఉండొచ్చని, లేకపోయినా ఫర్వాలేదని, కానీ భయంతో పట్టుకున్న ఏ నమ్మకమూ ఎవరినీ ఎక్కడికీ చేర్చదని నా అభిప్రాయం. ఒక నమ్మకాన్ని ప్రశ్నించాక మనిషిలో భయం తగ్గి, ఎదుటివాళ్ల మీద దయ పెరిగితే ఆ ప్రశ్న సరైన దారిలో వెళ్లినట్టు. భయం అలాగే ఉండి అహంకారం మాత్రం పెరిగితే ఎక్కడో దారి తప్పినట్టు. కింద రాసిందంతా ఈ ఒక్క కొలతతోనే రాశాను.

ముందు కాగితం మీద పెట్టండి

తలలో పెట్టుకుని ఆలోచిస్తే ఇది తెగదు. ఒక నోట్‌బుక్ తీసుకుని మీరు నిజంగా పాటిస్తున్నవి, పాటించకపోతే టెన్షన్ పడేవి రాయండి. "దేవుడున్నాడని నమ్ముతాను" లాంటి పెద్ద మాటలు ఇప్పుడే వద్దు. "శనివారం ఇనుము కొనను", "పరీక్ష ముందు ఫలానా గుడికి వెళ్లకపోతే మార్కులు తగ్గుతాయనిపిస్తుంది", "ఆదివారం చర్చికి వెళ్లకపోతే ఆ వారమంతా ఏదో కీడు జరుగుతుందనిపిస్తుంది", "తాయెత్తు తీస్తే జ్వరం వస్తుందనిపిస్తుంది" ఇలా చిన్నవి, ఒంటికి తెలిసేవి రాయండి. పెద్ద సిద్ధాంతాలు మార్చుకోవడం తేలిక, ఒక్క రాత్రి నాలుగు వీడియోలు చూసినా మారిపోతాయి. చిన్నవే మనల్ని నడిపిస్తుంటాయి.

ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయండి: ఇది నాకు ఎవరు చెప్పారు, మానేస్తే ఏమవుతుందని నా భయం, దీనివల్ల ఎవరైనా బాధపడుతున్నారా. రెండోది రాసేటప్పుడు మొహమాటపడొద్దు. "అమ్మకి ఏమైనా అవుతుందేమో" అని రాయాల్సి వస్తే అదే రాయండి, ఎందుకంటే మన ఇళ్లలో సగం నమ్మకాలు నిలబడేది ఆ ఒక్క వాక్యం మీదే. మనకి ఏమైనా అయితే తట్టుకుంటాం గానీ మన వల్ల ఇంట్లోవాళ్లకి ఏమైనా అయితే ఎలా అన్న ఆలోచన ఎంత చదువుకున్నవాళ్లనైనా కట్టిపడేస్తుంది.

ఎవరినైనా బాధపెట్టేవి ఈ రోజే వదిలేయండి

మూడో ప్రశ్నకి అవునని జవాబు వచ్చిన నమ్మకాల మీద పరిశోధన అక్కర్లేదు. పనిమనిషికి విడిగా గ్లాసు పెట్టడం. నెలసరిలో ఉన్న ఆడపిల్లని వరండాలోనో వెనక గదిలోనో కూర్చోబెట్టడం. భర్త పోయినావిడ ఎదురొస్తే పని కాదనుకోవడం. దీని వెనక ఏ శాస్త్రం ఉందో, ఏ కాలంలో ఏ పరిస్థితుల్లో వచ్చిందో తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు, ముందు ఆపేయండి. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసి డెబ్బై ఏళ్లు దాటింది, మన వంటింటి గ్లాసుల దగ్గరకి అది ఇంకా పూర్తిగా రాలేదు.

మా బంధువుల్లో ఒకావిడ భర్త పోయాక ఒంటిచేత్తో కొడుకుని చదివించింది. గుంటూరులో ఆ కొడుకు పెళ్లి జరుగుతుంటే ఆవిడ మండపం మీదకి రాకుండా వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఎవరూ రావొద్దని అనలేదు, అనాల్సిన అవసరం కూడా రాలేదు, ఆవిడే తప్పుకుంది. తాళి కట్టే ముందు కొడుకు పీటల మీద నుంచి లేచి వెళ్లి, "అమ్మా, నువ్వు వచ్చి అక్షింతలు వేస్తేనే కడతాను" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. పురోహితుడు ఏమీ అనలేదు. ఒకరిద్దరు పెద్దవాళ్లు మొహాలు చిట్లించారు, అంతే. ఆ కుర్రాడు దేవుడున్నాడా లేడా అని ఏమీ తేల్చుకోలేదు, శనివారాలు ఇప్పటికీ ఉపవాసం ఉంటాడు. ఒక చెడ్డ ఆచారం ఆపడానికి పూర్తి నాస్తికులు అవ్వాల్సిన పని లేదని ఇంత వివరంగా చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది "ఒకటి ప్రశ్నిస్తే అన్నీ వదిలేయాల్సి వస్తుందేమో" అన్న భయంతోనే మొదలుపెట్టరు.

ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి

మిగిలినవాటికి మూలం వెతకాలి. మొదట ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, కానీ నిలదీసినట్టు కాకుండా నేర్చుకునేవాళ్లలా అడగండి. "నాయనమ్మా, మీ చిన్నప్పుడు ఇది ఎలా చేసేవాళ్లు?" అంటే ఆవిడ సంతోషంగా చెబుతుంది. చెప్పేటప్పుడే తెలుస్తుంది, మనం అనాదిగా వస్తోందనుకున్నది ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు లేనేలేదని, మొన్నమొన్న టీవీలో పొద్దుటి కార్యక్రమాలు చూసి మొదలైందని. ఇంకోటి, అదే ప్రశ్న ఎదురింటివాళ్లని, వేరే కులం వాళ్లని, వేరే మతం వాళ్లని అడగండి. మనకి మహాపాపమైనది వాళ్లకి అసలు సంగతే కాదని, అయినా వాళ్లూ మనలాగే పిల్లల్ని పెంచుకుంటూ, ఇళ్లు కట్టుకుంటూ హాయిగా ఉన్నారని కళ్లారా చూడటం ఎన్ని పుస్తకాలకైనా సమానం.

తర్వాత ఆ నమ్మకం ఎలా పనిచేస్తుందో చూడండి. రాహుకాలమే తీసుకోండి. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పగటిని 8 భాగాలు చేసి, వారంలో ఒక్కో రోజుకి ఒక్కో భాగం కేటాయించారు: సోమవారం రెండోది, శనివారం మూడోది, శుక్రవారం నాలుగోది, ఇలా. క్యాలెండర్లో వేసే 7:30 నుంచి 9 లాంటి అంకెలు సూర్యుడు సరిగ్గా 6 గంటలకి ఉదయించి 6 గంటలకి అస్తమిస్తాడనుకుని వేసినవి. మన ఊళ్లో వేసవిలో ఆరు కాకముందే తెల్లారిపోతుంది, జనవరిలో ఆరున్నర దాటాక గానీ సూర్యుడు కనిపించడు. అంటే రాహుకాలాన్ని నిష్ఠగా నమ్మేవాళ్లు కూడా ఏడాదిలో చాలా రోజులు దాని లెక్క ప్రకారమే తప్పు సమయంలో ఆగి, తప్పు సమయంలో బయల్దేరుతున్నారు, ఏమీ కావట్లేదు. ఈ ఒక్క లెక్క స్వయంగా వేసి చూసుకుంటే సగం భయం పోతుంది, ఎవరూ వచ్చి వాదించక్కర్లేదు.

సంక్రాంతి ఇంకా ఆసక్తికరం. సూర్యుడు ఉత్తరానికి తిరిగే రోజు ఉత్తరాయణం అంటాం, ఆకాశంలో అది జరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం చేసుకునేది జనవరి 14, 15 తేదీల్లో. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల 72 ఏళ్లకి సుమారు ఒక డిగ్రీ చొప్పున ఈ తేడా పేరుకుపోయింది. దీన్ని ఎవరో పాశ్చాత్యులు వచ్చి కనిపెట్టి మనల్ని వేళాకోళం చేశారనుకోవద్దు. పాత శాస్త్రాల్లో దక్షిణాయనం ఆశ్లేష నక్షత్రం సగంలో మొదలయ్యేదని ఉన్నా, తన కాలంలో కర్కాటక రాశి మొదట్లోనే మొదలవుతోందని, అనుమానం ఉంటే స్వయంగా పరిశీలించి తేల్చుకోమని ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు రాశాడు. జ్యోతిషానికి అంత పెద్దదిక్కు అనుకునే మనిషి "పెద్దలు చెప్పారు కాబట్టి" అనలేదు, ఆకాశం వైపు చూడమన్నాడు. ముగ్గు, గొబ్బెమ్మ, అరిసెలు తేదీ మారితే రుచి మారవు కాబట్టి పండగ మానక్కర్లేదు, కానీ "ఉత్తరాయణం వచ్చేదాకా ఆపరేషన్ వాయిదా వేద్దాం" అనేవాళ్లకి ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

గ్రహణం గురించి ఈ ఊళ్లో పుట్టినవాళ్లు ఒక పేరు తెలుసుకుని తీరాలి. సరస్వతీ గోరా. గర్భిణులు గ్రహణం చూస్తే బిడ్డకి అవయవ లోపం వస్తుందని అందరూ తలుపులు వేసుకున్న రోజుల్లో, ఆవిడ కడుపుతో ఉండి బయటికి వచ్చి నిలబడింది. ఆవిడ భర్త గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, వృక్షశాస్త్రం పాఠాలు చెప్పే లెక్చరర్. నాస్తికుడన్న కారణంతో 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి, 1947లో బెజవాడ పటమటకి మార్చారు. వాళ్ల సిద్ధాంతం మొత్తం మీకు నచ్చాలని లేదు, నాకూ కొన్నిచోట్ల అభిప్రాయభేదం ఉంది. కానీ ఒక నమ్మకాన్ని పరీక్షించడానికి ఇతరుల ఒంటి మీద కాకుండా తన ఒంటి మీద తెచ్చుకున్న ఆ తెగువకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. అదే సమయంలో ఇంకో విషయం కూడా గమనించండి: గ్రహణం రోజు మన గుళ్లన్నీ మూసేస్తారు, శ్రీకాళహస్తి మాత్రం తెరిచే ఉంటుంది. సంప్రదాయం లోపలే మినహాయింపులు ఉన్నాయి, అడిగితేనే కనిపిస్తాయి. (సూర్యగ్రహణాన్ని నేరుగా కళ్లతో చూస్తే చూపు దెబ్బతినడం మాత్రం నిజం, దానికి తగిన అద్దాలు పెట్టుకోవాల్సిందే.)

చిన్నగా పరీక్షించండి, ముందే రాసి పెట్టండి

తెలుసుకోవడం ఒక ఎత్తు, చేసి చూడటం ఇంకో ఎత్తు. జాబితాలో అన్నిటికంటే చిన్నది ఒకటి తీసుకుని, ఒక నెల పాటు కావాలనే తప్పండి. మంగళవారం సెలూన్‌కి వెళ్లండి, వర్జ్యంలో బస్సెక్కండి. చేసేముందే నోట్‌బుక్‌లో తేదీ వేసి ఏం జరుగుతుందని భయపడుతున్నారో రాయండి. ఇది చాలా ముఖ్యం. రాయకపోతే ఏం జరుగుతుందంటే, పది రోజుల తర్వాత బండి టైరు పంచరైనా "అందుకే" అనిపిస్తుంది. ఏ ఇంట్లోనైనా నెల తిరిగేలోపు ఏదో ఒక ఇబ్బంది వచ్చి తీరుతుంది, నియమాలన్నీ పాటించిన నెలల్లోనూ వస్తుంది, పాటించిన నెలలో వచ్చినవి మనం లెక్కపెట్టం, అంతే తేడా. అందుకని నియమం పాటించిన నెలలో జరిగినవీ రాయండి, తప్పిన నెలలో జరిగినవీ రాయండి, పక్కపక్కన పెట్టి చూడండి.

అసలు గమనించాల్సింది మాత్రం బయట జరిగేవాటి కంటే లోపల జరిగేది. తప్పిన రోజు గుండె ఎలా కొట్టుకుంది, రాత్రి నిద్ర పట్టిందా, ఎవరి మొహం గుర్తొచ్చింది. చాలామందికి దేవుడి మొహం గుర్తు రాదు, అమ్మ మొహమో నాన్న కోపమో గుర్తొస్తుంది. అప్పుడు అర్థమవుతుంది, ఇన్నాళ్లూ దైవభయం అనుకున్నది చిన్నప్పుడు పడ్డ దెబ్బల భయమని. ఈ ఒక్కటి తెలిశాక కొంతమందికి దేవుడి మీద మొదటిసారి ప్రేమ లాంటిది పుడుతుంది, ఎందుకంటే మధ్యలో అడ్డు తొలగిపోయింది. నేను దీన్ని ఆధ్యాత్మికమైన పనే అంటాను.

కొన్ని చేయకూడనివి ఉన్నాయి, వాటిలో రాజీ వద్దు. ఇతరుల మీద, ముఖ్యంగా పిల్లల మీద, జబ్బుతో ఉన్న పెద్దవాళ్ల మీద పరీక్షలు చేయొద్దు. మందులు మానేసి ప్రార్థననో తాయెత్తునో పరీక్షించొద్దు. నిప్పుల మీద నడవడం వెనక మహిమ లేదని, కట్టెబొగ్గు వేడిని అరికాలికి నెమ్మదిగా అందిస్తుందని, కాలు ఆనేది క్షణంలో కొంతసేపేనని చదివి, సొంతంగా గుంట తవ్వుకుని నడవొద్దు. నాస్తిక కేంద్రంవాళ్లు అలాంటి ప్రదర్శనలు చేశారు గానీ అనుభవం ఉన్నవాళ్ల మధ్యలో చేశారు. ఎదుటివాళ్ల దేవుడి పటాన్నో జెండానో అవమానించి ధైర్యం చూపించడం కూడా పరీక్ష కిందకి రాదు.

ప్రేమనీ వాదననీ వేరు చేయండి

మంగళగిరి పానకాలస్వామి దగ్గర బిందెతో తెచ్చిన పానకం స్వామి నోట్లో పోస్తుంటే గుటకలు వేసిన చప్పుడు వస్తుందని, సగం తాగి సగం భక్తుడికి వదిలేస్తాడని, అంత బెల్లం ఒలికినా అక్కడ ఈగలు, చీమలు ఉండవని చెబుతారు. ఇందులో మూడు వేర్వేరు సంగతులు కలిసి ఉన్నాయి. చీమల సంగతి చూసి తెలుసుకోగలిగింది, కొండెక్కి కాసేపు కూర్చుని కళ్లు పెట్టి చూడండి, ఎవరి మాటా వినక్కర్లేదు. స్వామి తాగాడా అన్నది అలా చూసి తేల్చే విషయం కాదు, నమ్మేవాళ్లు నమ్ముతారు. మూడోది, ఎండలో మెట్లెక్కి వెళ్లాక గ్లాసులో పోసిన ఆ పానకం, మిరియం ఘాటు, యాలకుల వాసన, పక్కన అమ్మమ్మ చెయ్యి. దానికి సాక్ష్యాలు అక్కర్లేదు.

నమ్మకాలు వదులుకునేటప్పుడు మనసు ఏడ్చేది ఎక్కువగా ఈ మూడోదాని కోసమే. కాబట్టి దాన్ని వదలకండి. చీమల గురించిన మాట నిజం కాదని తేలినా అమ్మమ్మతో కొండెక్కొచ్చు. కార్తీకమాసంలో కృష్ణలో దీపం వదిలితే పుణ్యం వస్తుందని నమ్మకపోయినా, నీళ్ల మీద దీపాలు చూడటం ఇష్టమైతే వెళ్లి చూడండి. ఫిబ్రవరిలో గుణదల తిరనాళ్లకి హిందువులు వెళ్లి కొబ్బరికాయలు కొట్టి తలనీలాలు ఇస్తారు, వాళ్లలో చాలామంది సిద్ధాంతం అడిగితే చెప్పలేరు, అక్కడ వాళ్లకి దొరికే ఊరట మాత్రం అబద్ధం కాదు. ఊరట ఉంది కాబట్టి వాదన నిజమని అనుకోవద్దు, వాదన తప్పు కాబట్టి ఊరట అబద్ధమనీ అనుకోవద్దు.

మూలగ్రంథాలు మీరే చదవండి

మతం ప్రశ్నలు వద్దంటుందని మనకి చెప్పినవాళ్లలో చాలామంది ఆ గ్రంథాలు తెరిచి చూడలేదు. కఠోపనిషత్తు మొదలయ్యేదే, ఒట్టిపోయిన ఆవుల్ని దానమిస్తున్న తండ్రిని నచికేతుడనే కుర్రాడు ప్రశ్నించడంతో. గీత చివర్లో అంతా చెప్పేశాక కృష్ణుడు "యథేచ్ఛసి తథా కురు" అంటాడు, బాగా ఆలోచించుకుని నీకేది ఇష్టమైతే అది చెయ్యమని. బృహదారణ్యకంలో గార్గి ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు వేస్తూ పోతే, ఇంకా అడిగితే నీ తల రాలిపోతుందని యాజ్ఞవల్క్యుడు ఆపేసిన మాట కూడా ఉంది, దాన్ని దాచకుండా చదవాలి. ఆవిడ తర్వాత మళ్లీ లేచి అడిగింది, అదీ చదవాలి. బైబిల్లో పౌలు "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని థెస్సలొనీకయులకి రాశాడు. మా తాతతండ్రులు నడిచిన దారిలోనే నడుస్తామనేవాళ్లని ఖురాన్ రెండో సూరా నేరుగా మందలిస్తుంది, మీ తండ్రులకి ఏమీ తెలియకపోయినా అలాగే నడుస్తారా అని.

ఇక మనకి గంట దూరంలో అమరావతి ఉంది. క్రీస్తుకి పూర్వమే అక్కడ స్తూపం లేచింది, భట్టిప్రోలులో ఇంకోటి. అంటే మన పొలాల్లో తవ్వితే బయటపడే పాత వారసత్వాల్లో బుద్ధుడిదీ ఒకటి. కేసపుత్త అనే ఊళ్లో కాలాములనేవాళ్లు ఆయన్ని అడిగారు, వచ్చిన ప్రతి గురువూ తనదే నిజమంటున్నాడు, ఎవరిని నమ్మాలని. పదిమంది చెబుతున్నారని, పరంపరగా వస్తోందని, గ్రంథంలో ఉందని, తర్కానికి నిలుస్తోందని, చివరికి ఈయన మా గురువని కూడా ఒప్పుకోవద్దన్నాడు. ఇది కీడు చేస్తుందని మీకే తెలిసినప్పుడు వదిలేయండి, మేలు చేస్తుందని మీకే తెలిసినప్పుడు పట్టుకోండి అన్నాడు. తర్కాన్ని కూడా ఆ జాబితాలో పెట్టడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. వాదనలో గెలవడమే సత్యమనుకునే మా బెజవాడ మనుషులకి అది ముఖ్యంగా కావాలి.

వీటన్నిటికీ మంచి తెలుగు అనువాదాలు ఉన్నాయి. కొనాలంటే ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు. కొనలేకపోతే బెజవాడలో ఠాగూర్ గ్రంథాలయం, గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం. వ్యాఖ్యానం కంటే ముందు మూలం చదవండి, అర్థం కాకపోయినా సరే, ఆ తర్వాత ఇద్దరు వేర్వేరు అభిప్రాయాలవాళ్ల వ్యాఖ్యానాలు చదవండి.

ఇంట్లో ఎలా నెగ్గుకురావాలి

పండగ రోజు వాదన పెట్టుకోవద్దు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ప్రకటనలు చేయొద్దు. అమ్మ జీవితమంతా దేని మీద నిలబడిందో దాన్ని ఒక్క మెసేజ్‌తో పడగొట్టాలనుకోవడం సత్యాన్వేషణ అనిపించుకోదు. ఏది వదిలారో అది మాత్రమే, అవసరమైన చోట, పొట్టిగా చెప్పండి. "అమ్మా, నీతో గుడికి రావడం నాకిష్టం, వస్తాను. బండి మాత్రం ముహూర్తం చూడకుండా కొంటాను, అది నాకు వదిలెయ్." "అత్తయ్యగారూ, ఆ మూడు రోజులు నేను వంటింట్లోకి వస్తాను. మీకు ఇబ్బందైతే మీ పూజ సామాను ముట్టుకోను, కానీ విడిగా కూర్చోను." ఇలా ఏది ఇస్తున్నారో, ఏది ఇవ్వరో రెండూ స్పష్టంగా ఉంటే ఎదుటివాళ్లు కొన్నాళ్లు అలిగినా సర్దుకుంటారు.

ఇంకా చదువుకుంటూ వాళ్ల డబ్బు మీద ఉన్నవాళ్లు, నోరు తెరిస్తే చెయ్యి చేసుకునే ఇళ్లలో ఉన్నవాళ్లు ఏదీ ప్రకటించక్కర్లేదు. లోపల స్వేచ్ఛగా ఉండి బయట కొన్నాళ్లు బొట్టు పెట్టుకున్నంత మాత్రాన మోసం చేస్తున్నట్టు కాదు. ఉద్యోగం, సొంత గది వచ్చాక చూసుకోవచ్చు. అంతరాత్మ స్వేచ్ఛ రాజ్యాంగం 25వ అధికరణం మనకిచ్చిన హక్కు, దాన్ని ఎప్పుడు ఎలా వాడుకోవాలో నిర్ణయించుకోవడం కూడా ఆ హక్కులో భాగమే.

పాతది ఖాళీ అయిన చోట కొత్త గురువు కూర్చోకుండా

ఇంటి నమ్మకాలు వదిలిన మనిషికి కొన్నాళ్లు ఒంటరిగా ఉంటుంది, సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు దొరుకుతారు. ఆశ్రమం కావచ్చు, ప్రార్థనా బృందం కావచ్చు, యూట్యూబ్‌లో మతాలన్నిటినీ తిట్టే మనిషి కావచ్చు. అక్కడ ప్రశ్న అడిగితే నవ్వుతూ జవాబిస్తారా లేక నీకింకా స్థాయి రాలేదంటారా చూడండి. డబ్బు ఎంతని రాసి చెబుతారా, ఇంట్లోవాళ్లకి దూరంగా ఉండమంటారా, రహస్యంగా ఉంచమంటారా చూడండి. చివరి రెండిట్లో ఏ ఒక్కటి కనిపించినా లేచి వచ్చేయండి.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుని చేయాలని ఒక పెద్ద సంస్థ కట్టారు. 1929 ఆగస్టు 3న హాలెండ్‌లో వేలమంది అనుచరుల ముందు ఆయన దాన్ని రద్దు చేశాడు, సత్యానికి దారి వేయడం ఎవరి తరమూ కాదని. ఇటువైపు చలం సంగతి ఉంది. బెజవాడలో ఉంటూ ఊరంతా తిట్టినా వెనక్కి తగ్గకుండా ఆచారాల మీద రాసిన మనిషి, 1950లో అరుణాచలం వెళ్లి రమణాశ్రమం దగ్గరే ఉండిపోయాడు. భక్తులు ముందే నమ్మలేదు, హేతువాదులు తర్వాత నొచ్చుకున్నారు. ఒకరు పీఠం వదిలి వెళ్లారు, ఒకరు ఆశ్రమానికి వెళ్లారు, ఇద్దరినీ ఎవరూ నెట్టలేదు. మీరు ప్రశ్నించి ప్రశ్నించి చివరికి అమ్మవారి దగ్గరికే తిరిగి వచ్చినా ఓడిపోయినట్టు కాదు, భయంతో రాకపోతే చాలు.

రోజూ కాసేపు ఏ మంత్రం, ఏ పటం, ఏ ఫోన్ లేకుండా ఊరికే కూర్చోవడం అలవాటు చేసుకోండి. వదిలినవి వదలగా మిగిలిందేమిటో అప్పుడే తెలుస్తుంది. అది మాటల్లో పెట్టాలని తొందరపడొద్దు.

చావు దగ్గర ముందే నిర్ణయించుకోండి

అన్నిటికంటే కష్టమైన పరీక్ష ఇదే కాబట్టి చివర్లో పెట్టాను. నాన్న పోయిన రోజు బంధువులు, పురోహితుడు, దుఃఖం, నిద్రలేమి అన్నీ కలిసి ఉంటాయి, అప్పుడు ఏ నమ్మకం గురించీ ఆలోచించే శక్తి ఎవరికీ ఉండదు, ఎవరు గట్టిగా చెబితే అదే జరుగుతుంది. అందుకని ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడగండి, "నాన్నా, నీకు ఏం కావాలి?" అని. ఆయన కర్మకాండ కావాలంటే మీరు నమ్మకపోయినా చేయండి, అది ఆయన నమ్మకానికి మీరిచ్చే గౌరవం, అక్కడ మీ సిద్ధాంతం ముఖ్యం కాదు. వద్దంటే ఆ మాట అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల ముందు ఆయన చేతే చెప్పించండి. మీ సంగతి మీరు ఒక కాగితం మీద రాయండి: దహనమా ఖననమా, పదకొండో రోజు తంతు కావాలా వద్దా, కళ్లు ఇవ్వాలా, శరీరం మెడికల్ కాలేజీకి ఇవ్వాలా. కళ్లు చనిపోయిన 6 గంటల లోపు తీయాలి కాబట్టి ఆ కాగితం బీరువాలో దాస్తే ఉపయోగం లేదు. ఒక కాపీ భార్యకో భర్తకో, ఇంకో కాపీ మీతో అన్నిటిలోనూ విభేదించే తోబుట్టువుకి ఇచ్చి, చదివి వినిపించి, వాళ్ల అభ్యంతరాలేమిటో అప్పుడే వినండి.